న్యూట్రినో గుట్టు తేల్చే డబుల్ బీటా వేట: హైదరాబాద్‌లో ఎలా మొదలుపెట్టాలి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం తల పట్టుకున్నవాళ్లు ఇది చూడండి. న్యూట్రినో, దాని ప్రతికణం రెండూ ఒకటేనా? 1937లో ఇటలీ భౌతిక శాస్త్రవేత్త మయోరానా లేవనెత్తిన ఈ సందేహం ఇంకా తీరలేదు. కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారి, రెండు ఎలక్ట్రాన్లే బయటికొచ్చి, న్యూట్రినోలు అసలు రాలేదంటే (దీన్నే న్యూట్రినోలు లేని డబుల్ బీటా క్షయం అంటారు), న్యూట్రినో, దాని ప్రతికణం ఒకటేనని తేలినట్టే.

డిటెక్టర్ సంగతి తర్వాత, ముందు కాగితం మీద లెక్క వేయండి. ఈ క్షయం కోసం వెతికే కేంద్రకాల్లో జెర్మేనియం-76 ఒకటి. కిలో జెర్మేనియం-76లో దాదాపు 8 పక్కన 24 సున్నాలన్ని పరమాణువులు ఉంటాయి. ఈ క్షయానికి అర్ధాయువు 1 పక్కన 26 సున్నాలన్ని ఏళ్లు అనుకోండి (అంతకంటే ఎక్కువేనని, జెర్మేనియంతోనే ఈ వేట సాగించిన గెర్డా ప్రయోగం 2020లో చెప్పింది). పరమాణువుల సంఖ్యను 0.693తో గుణించి, అర్ధాయువుతో భాగిస్తే వంద కిలోలకు కూడా ఏడాదికి ఐదారు క్షయాలే.

అసలు తలనొప్పి బ్యాక్‌గ్రౌండ్, అంటే మన సిగ్నల్‌లా కనిపించే వేరే రేడియేషన్. గచ్చిబౌలి గుట్టలు చూశారుగా, మన ఊరంతా గ్రానైటే, అందులో పొటాషియం, యురేనియం, థోరియం ఉంటాయి. ల్యాబ్‌లో సోడియం అయొడైడ్ డిటెక్టర్ ఉంటే సోర్స్ ఏదీ పెట్టకుండా రాత్రంతా ఆన్‌లో వదిలేయండి. 1461 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలమానం) దగ్గర పొటాషియం-40, 2615 దగ్గర థోరియం వరసలో పుట్టే థాలియం-208 కనిపిస్తాయి. క్షయం శక్తంతా ఆ రెండు ఎలక్ట్రాన్లకే పోతుంది కాబట్టి, మనకు కావాల్సిన జెర్మేనియం పీక్ 2039 దగ్గర రావాలి. థాలియం గామా తన శక్తిలో కొంతే డిటెక్టర్‌లో వదిలి బయటికి పోయిందంటే ఆ కౌంట్ వచ్చి 2039 దగ్గరే పడొచ్చు, అదీ టెన్షన్. జెర్మేనియం బదులు మాలిబ్డినం-100 అయితే పీక్ 3034 దగ్గర, 2615 కంటే పైన కాబట్టి ఈ గొడవ తక్కువ. కాల్షియం-48 ఇంకా పైన, 4268, కానీ సహజ కాల్షియంలో అది 0.19 శాతమే.

సీసం ఇటుకలు చుట్టూ పేర్చి మళ్లీ కొలవండి. కొత్త సీసంలో 22 ఏళ్ల అర్ధాయువున్న సీసం-210 ఉంటుంది, అందుకే ఇటలీలో ఇదే వేట సాగించే క్యూరే ప్రయోగం వాళ్లు మునిగిపోయిన రోమన్ ఓడలోని రెండు వేల ఏళ్ల నాటి సీసం వాడారు! మీకు మామూలు ఇటుకలు చాలు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ మ్యూయాన్ కణాలు మాత్రం వీటికి ఆగవు, ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ల్యాబ్‌లో లాగా 1400 మీటర్ల కొండ నెత్తిన ఉండాలి.

కాబట్టి మిగతాది సిమ్యులేషన్‌లో చేయండి, పదార్థంలో కణాల ప్రయాణాన్ని లెక్కగట్టే జియాంట్4 సాఫ్ట్‌వేర్ ఉచితమే. 2039కి అటూ ఇటూ 25 కేఈవీ డేటా దాచేసి, కట్స్ (ఏ ఈవెంట్లు ఉంచాలి, ఏవి తీసేయాలి అనే షరతులు) ఖరారయ్యాకే తెరవండి, గెర్డా వాళ్లదీ ఇదే పద్ధతి. అంతకుముందే ఒక ఫ్రెండ్‌ని మీకు చెప్పకుండా అందులో కొన్ని సిగ్నల్ ఈవెంట్లు కలపమనండి, ఎన్ని కలిపారో మీ ఫిట్ పట్టుకుంటుందో లేదో చూడండి.