గోడలోంచి దూరిపోయిన బుల్లెట్

నేను రాసుకుంటున్న చిన్న టూడీ గేములో నాలుగు బుల్లెట్లు గోడకు తగిలితే ఒకటి తగలకుండా అవతలికి పోయేది. రెండు రాత్రులు కొలిజన్ ఫంక్షన్‌నే, అంటే ఢీకొన్నాయా లేదా చూసే కోడ్‌నే తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేం లేదు. రెండు దీర్ఘచతురస్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయా లేదా అన్నది సరిగ్గానే చెబుతోంది.

చివరికి ప్రతి ఫ్రేములో, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, బుల్లెట్ ఎడమ అంచు ఏ పిక్సెల్ దగ్గరుందో ప్రింట్ చేసి చూశా: 385, 400, 415. గోడేమో 405 నుంచి 413 వరకు. బుల్లెట్ వెడల్పు 4. అంటే 400 దగ్గర గోడకు ఇవతలే ఉంది, మరుసటి ఫ్రేముకి గోడ దాటేసింది. మధ్యలో చెక్ చేసిందెవరు? సెకనుకు 900 పిక్సెళ్ల వేగం, 60 ఫ్రేములు. ఒక్కో గెంతు 15 పిక్సెళ్లు.

మొదట పాత చోటు, కొత్త చోటు కలిపి ఒకే పొడవాటి దీర్ఘచతురస్రంగా చెక్ చేశా. అడ్డంగా వెళ్లే బుల్లెట్లకు బాగానే పనిచేసింది. ఏటవాలుగా వెళ్లేవి మాత్రం దారిలో లేని శత్రువుల్ని కూడా చంపేశాయి! తీసేశా.

ఇప్పుడు ఆ గెంతునే నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క 3.75 పిక్సెళ్లు జరిపి, ప్రతిసారీ చెక్ చేస్తున్నా. తగలగానే లూప్ ఆపేస్తా. ముక్కల సంఖ్య వేగాన్ని బట్టి లెక్కేస్తున్నా. ముక్క పొడవు బుల్లెట్ వెడల్పు దాటకూడదు, అంతే.

పనిలో పనిగా హీరో హిట్‌బాక్స్ (దెబ్బ తగిలిందా అని చెక్ చేసే పెట్టె) కూడా తగ్గించా. స్ప్రైట్, అంటే హీరో బొమ్మ, 32 పిక్సెళ్లు, అంచుల్లో అంతా ఖాళీయే. నాలుగు వైపులా 6 చొప్పున లోపలికి జరిపితే, ఏదీ తగలకుండానే హీరో చచ్చిపోవడం ఆగింది.