అద్దె ఇంట్లో చలిగాలిని తక్కువ ఖర్చుతో ఆపడం

షికాగోలో పాత అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటే నవంబర్ వచ్చేసరికి కిటికీ పక్కన కూర్చోలేం. ముందు గాలి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోండి. బయట ఈదురుగాలి ఉన్న రోజు అగరబత్తి వెలిగించి, కర్టెన్లకు తగలకుండా కిటికీ అంచుల వెంట, తలుపు కింద, బయటి గోడకున్న ప్లగ్ పాయింట్ల దగ్గర మెల్లగా తిప్పితే, పొగ వంకర తిరిగినచోట సందు ఉన్నట్టు.

కిటికీకి లాక్ తిప్పారా? నవ్వకండి, నేను మొదటి చలికాలంలో సగం రోజులు లాక్ వేయకుండానే వణికాను. తర్వాత రోప్ కాక్ కొనండి, బంకమట్టిలాంటి తాడు, సందులో వేలితో నొక్కేయడమే, ఎండలొచ్చాక ఊడదీయొచ్చు. దానిమీద ప్లాస్టిక్ ఫిల్మ్: ఫ్రేమ్ చుట్టూ డబుల్ సైడ్ టేప్ వేసి, ఫిల్మ్ అంటించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే ముడతలు పోయి బిగుసుకుంటుంది. అద్దానికీ ఫిల్మ్‌కీ మధ్య చిక్కిన గాలి పొరే చలిని ఆపేది. ఫ్రేమ్ మీద దుమ్ము తుడవకపోతే మాత్రం టేప్ రెండో రోజుకే ఊడుతుంది.

తలుపు కిందకి పాత టవల్ చుట్ట చాలు. హీటర్ గాలి వచ్చే జాలీలు మూయొద్దు, వాటికి అడ్డంగా సోఫా కూడా వేయొద్దు.

హీటింగ్ ఓనర్ చేతిలో ఉండి, ఇంత చేసినా గది వెచ్చబడకపోతే తప్పు మీది కాదు. నగర నిబంధన ప్రకారం సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 వరకు పగలు కనీసం 68, రాత్రి 66 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. థర్మామీటర్ ఫొటో తీసి ఓనర్‌కి పంపండి, కదలకపోతే నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబర్ 311కి ఫోన్ చేయండి.