పెయింట్ కంటే ముందు ఆకు సంగతి చూడండి

అక్టోబర్ వచ్చిందంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు ఉండే మన పిల్లలు జాకెట్ జేబుల నిండా ఆకులు కూరుకొస్తారు, ఇక శనివారం టేబుల్ మీద పేపర్ పరిచి వాటికి రంగులేయించక తప్పదు. రంగు నోట్లో పెట్టుకుంటారేమోనని అందరం టెన్షన్ పడతాం గానీ, నన్నడిగితే అసలు జాగ్రత్త ఆకులు ఏరే దగ్గరే కావాలి.

పిల్లల చెయ్యి ఎర్రగా మెరిసే ఆకు మీదకే పోతుంది కదా, ఫాల్‌లో (ఆకులు రాలే కాలంలో) అలా ముచ్చటగా ఎర్రబడే వాటిలో పాయిజన్ ఐవీ అనే దురద తీగ కూడా ఉంది. తీగకు ఉన్నప్పుడైతే మూడేసి ఆకులు, మధ్య ఆకుకు కాడ కాస్త పొడుగు, గుర్తుపట్టొచ్చు. రాలాక ఒక్కో ఆకు విడిపోతే ఆ లెక్క పనికిరాదు. దాని జిడ్డు తగిలితే దురద, బొబ్బలు. ఎండినా ఆ గుణం పోదు, కాబట్టి పుస్తకంలో పెట్టి ఆరబెట్టాం కదా అని ధీమా వద్దు. కంచెల పక్కన, అడవి అంచున ఏరడం మానేసి, మీకు తెలిసిన మేపుల్ చెట్టు కింద మాత్రమే ఏరించండి. అనుమానమొస్తే వెంటనే చేతులు సబ్బుతో కడిగి, బట్టలు విడిగా ఉతకండి.

రెండోది పిడుదులు. మన ఊళ్లో గేదెలకు పట్టేవే అనుకుని తేలిగ్గా తీసుకోకండి, ఇక్కడ వాటితో లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, పైగా చలి మొదలయ్యే అక్టోబర్, నవంబర్‌లలో కూడా బాగానే తిరుగుతాయి. ఆకుల కుప్పలో దూకనివ్వకండి. ఇంటికి రాగానే స్నానం చేయిస్తూ చెవుల వెనక, జుట్టులో, చంకల్లో, మోకాళ్ల వెనక చూడండి. కనిపిస్తే సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయడమే, నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో జ్వరమో, ఎర్రటి మచ్చ పెరగడమో ఉంటే డాక్టర్‌కి చూపించండి.

ఇక పెయింట్. నీళ్లతో పోయే టెంపెరా, డబ్బా మీద ‘ఏపీ’ గుర్తున్నది తీసుకోండి (మన ఏపీ కాదు లెండి, విషం లేదని చెప్పే ముద్ర). యాక్రిలిక్ ఆరితే బట్టలకు వదలదు. తడి ఆకు మీద ఏ రంగూ నిలవదు, ఒక రాత్రి బరువు కింద పెట్టండి. మెరుపు స్ప్రే కొట్టాలంటే పిల్లలు పడుకున్నాక, బయట. మూడేళ్లలోపు వాళ్లుంటే ఓక్ కాయలు టేబుల్ మీదకే రానివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

రంగో ఆకో మింగేశారా, పాయిజన్ కంట్రోల్ (విషం విషయంలో సలహా చెప్పే అమెరికా హెల్ప్‌లైన్) 1-800-222-1222, ఎప్పుడైనా ఎత్తుతారు.