1942 నాటి అమెరికా షాప్ క్లాసు పద్ధతిలో చెక్క విమానం చేయడం ఎలా

పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన కొన్ని వారాలకే, 1942 మొదట్లో, అమెరికా నౌకాదళం దేశంలోని హైస్కూళ్లను 5 లక్షల చెక్క విమానాలు చేసివ్వమని అడిగింది. 50 రకాలు, రకానికి 10,000. ఆకాశంలో వచ్చేది తమ విమానమా, శత్రువుదా అని సైనికులకు, కాపలా ఉండే పౌరులకు నేర్పడానికి అవి కావాలి. డ్రాయింగులు బడులకు వెళ్లాయి, షాప్ క్లాసులో, అంటే రంపం, చిత్రిక పట్టుకుని పని నేర్చుకునే పీరియడ్‌లో, పిల్లలు వాటిని చెక్కారు. కొలతలు సరిగ్గా ఉన్నవే తీసుకునేవాళ్లు. అదే పద్ధతిలో మీరు ఇప్పుడు ఒకటి చేయాలనుకుంటే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి: ఇది షోకేసులో పెట్టే బొమ్మ కాదు, దూరం నుంచి చూసి పేరు చెప్పడానికి పనికొచ్చే ఆకారం. చెక్కేటప్పుడు వచ్చే ప్రతి సందేహానికీ జవాబు అక్కడే దొరుకుతుంది.

స్కేలు 1:72. అంటే అసలు విమానంలో 6 అడుగులు మీ చెక్కలో 1 అంగుళం. మీటర్లలో ఉన్న కొలతను మిల్లీమీటర్లు చేసి 72తో భాగిస్తే సరి. జపాన్ వాళ్ల జీరో విమానం రెక్కల పొడవు, ఈ చివర నుంచి ఆ చివరకు, 12 మీటర్లు, కాబట్టి నమూనాలో దాదాపు 167 మిల్లీమీటర్లు. దీని మీద కాస్త ఆగాలి. తర్వాత వచ్చిన ఏ6ఎం3 మోడల్ 32 రకంలో రెక్కల చివర్లు కత్తిరించి 11 మీటర్లకు తగ్గించారు, అప్పుడు మిత్రపక్షం వాళ్లు దాన్ని వేరే విమానం అనుకుని వేరే పేరు కూడా పెట్టారు. ఆ తేడా మీ చెక్కలో ఎంతో తెలుసా, ఒక్కో వైపు 7 మిల్లీమీటర్లు. గరుకు కాగితం పట్టుకుని అజాగ్రత్తగా రుద్దితే అంత పోవడం పెద్ద పనేం కాదు. అందుకే కొలత విషయంలో 'ఇంచుమించు' పనికిరాదు.

ఒక్కటే చేయకండి, పోలికలున్న రెండు విమానాలు తీసుకోండి. నా ఎంపిక అమెరికా పి-51, జర్మనీ మెసర్‌ష్మిట్ 109. ఇంగ్లండ్ నుంచి ఎగిరే పి-51లను సొంతవాళ్లే 109లని పొరబడకుండా ముక్కుల మీద తెల్ల పట్టీలు వేయాల్సి వచ్చింది, అంత దగ్గరి పోలిక. పి-51 రెక్కలు సుమారు 157 మిల్లీమీటర్లు, 109 జి రకానివి 138. పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి గీసిన మూడు బొమ్మలు సంపాదించి స్కేలుకు తగ్గట్టు ప్రింట్ తీసుకోండి. తీశాక స్కేలు పెట్టి కొలవండి, ప్రింటర్లు తెలియకుండా సైజు మారుస్తాయి.

కలప మెత్తగా, ముడులు లేకుండా ఉండాలి. పైన్ గానీ బాస్‌వుడ్ గానీ బాగుంటుంది. విమానం ఒంటికి చెక్క నార ముక్కు నుంచి తోక దాకా పోవాలి, రెక్కలకు ఈ చివర నుంచి ఆ చివరకు. ఇది తప్పితే రెక్క చేతిలోనే విరుగుతుంది.

ఒళ్లు కోయడానికి దిమ్మె నాలుగు వైపులా మధ్య గీత గీయండి. పక్క బొమ్మను పక్క ముఖం మీద, పై బొమ్మను పై ముఖం మీద అతికించండి. ముందు పక్క ఆకారం రంపంతో కోయండి, కోసిన తునకలు పారేయొద్దు, వాటిని మళ్లీ టేపుతో యథాస్థానంలో అంటించండి, అప్పుడే దిమ్మె బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది, పైభాగం ఆకారం నిటారుగా తెగుతుంది. రెండు కోతలూ అయ్యాక మూలలున్న విమానం చేతికొస్తుంది. ఇక కత్తి, ఆకురాయి. కత్తి ఎప్పుడూ మీ ఒంటికి అవతలి వైపే నడవాలి, చెక్క వైస్‌లో బిగించి ఉండాలి.

ఇప్పుడు అసలు పని, టెంప్లేట్లు. ఒంటిని నాలుగైదు చోట్ల అడ్డంగా కోస్తే వచ్చే ఆకారాలను గట్టి అట్టలో ఖాళీగా కత్తిరించండి. ఆ అట్టను చెక్కకు ఆనించి కిటికీ వైపు పట్టుకుని చూడండి. వెలుతురు ఎక్కడ కనిపించకపోతే అక్కడ చెక్క ఇంకా ఎత్తుగా ఉందన్నమాట, అక్కడే గీకాలి, మళ్లీ ఆనించాలి. విసుగొస్తుంది. అయినా ఈ దశను తొందరపెట్టకండి, మీ కంటికి నచ్చిన వంపు వేరు, ఆ విమానానికి ఉన్న వంపు వేరు.

రెక్కల ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పలచగా, చివర్లకు పోయేకొద్దీ సన్నగా రావాలి. రెండు రెక్కలూ కొద్దిగా పైకి లేవాలంటే మధ్యలో పైవైపు ‘వి’ ఆకారంలో చిన్న గాడి తీసి, మెల్లగా వంచి జిగురు పెట్టండి. రెక్క కూర్చునే చోట ఒంటిలో గాడి కోసి అతికించాక సందుల్లో లప్పం పెట్టి రుద్దండి. తోక కూడా అంతే. పి-51 పొట్ట కింద గాలి తీసుకునే ఉబ్బు మాత్రం మర్చిపోవద్దు, పక్క నుంచి చూసినప్పుడు 109కీ దానికీ కొట్టొచ్చినట్టు కనిపించే తేడా అది. ప్రొపెల్లర్, చక్రాలు అక్కర్లేదు. ఎగిరేటప్పుడు ఒకటి తిరుగుతూ కనబడదు, రెండోవి లోపలికి ముడుచుకుని ఉంటాయి.

రంగు మెరుపు లేని నలుపు, అంతే. గుర్తులు, నంబర్లు వేయాలని చేయి లాగుతుంది, వేయకండి. అవి కనబడేంత దగ్గరికి విమానం వచ్చేసరికి ఆలస్యమైపోయినట్టే. మెరిసే రంగు వెలుతురును వెనక్కి కొట్టి అంచును చెదరగొడుతుంది.

ఇక సైన్సు పీరియడ్. నమూనాను 10 మీటర్ల దూరంలో దారంతో వేలాడదీస్తే అది 720 మీటర్ల దూరంలో ఉన్న అసలు విమానమంత కనిపిస్తుంది, ఎందుకంటే కంటి దగ్గర కోణం రెండింటికీ ఒకటే. జీరో లెక్క వేయండి: 12ను 720తో భాగిస్తే అరవయ్యో వంతు రేడియన్, అంటే సుమారు ఒక డిగ్రీ. చందమామ అర డిగ్రీ. పిల్లలతో ఈ లెక్క ముందు వేయించి తర్వాత చూపించండి, కోణం అనే మాట వాళ్లకు మళ్లీ వివరించాల్సిన పని ఉండదు.

వెనక తెల్ల గుడ్డ కట్టి, ఒక్క సెకను చూపించి మూసేయండి. ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో శామ్యూల్ రెన్షా అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్లైడ్లను సెకనులో 75వ వంతు మాత్రమే చూపించి నేవీ వాళ్లకు నేర్పించాడు, మనకు సెకను చాలు. చూసేవాళ్లు రెక్కలు, ఇంజను, ఒళ్లు, తోక అనే వరసలో గమనించాలి, ఆనాటి శిక్షణలోనూ ఇదే వరస. ముందు నుంచి, కింద నుంచి, ఏటవాలుగా తిప్పి చూపిస్తూ ఎవరు ఏ పేరు రాశారో కాగితం మీద పెట్టుకోండి. చెక్కినవాళ్లను అడగొద్దు, వాళ్లకు తమ చెక్క తెలిసిపోతుంది. ఒకే కోణంలో చాలామంది తడబడితే ఆ కోణంలో టెంప్లేటు మళ్లీ ఆనించి చూడండి. చెక్క సరిగ్గానే ఉంటే ఆ జంటను ఆ కోణం నుంచే ఇంకొన్నిసార్లు చూపించండి.