గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి
కడప వేసవిలో పగలు ఫ్యాను లేకుండా కూర్చోలేము కాబట్టి, శ్రవ్య నాటకపు సంభాషణలను తెల్లవారుజామున ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి, గోడలకు బొంతలు వేలాడదీసి రికార్డు చేయడం మేలు. అంతకన్నా ముఖ్యంగా, సంభాషణలు ముగిశాక నటులు కూర్చున్న చోటు నుంచి లేవకముందే, మైకును కదపకుండా, ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని 60 సెకన్ల పాటు రికార్డు చేసి దాచుకోవాలి. ప్రతి గదికీ తనదైన సన్నని హోరు ఉంటుంది. ఎడిటింగులో దగ్గునో తడబాటునో కత్తిరించిన చోట ఉత్త ఖాళీని వదిలితే, హెడ్‌ఫోన్లలో వినేవారికి కథాలోకమే క్షణకాలం ఆగిపోయినట్టు తోస్తుంది; అక్కడ ఈ నిశ్శబ్దపు ముక్కను పరిస్తే అతుకు తెలియదు. అనంతపురం నుంచో కర్నూలు నుంచో తమ గొంతును రికార్డు చేసి పంపే నటులను కూడా వారి గది నిశ్శబ్దాన్ని విడిగా పంపమని తప్పక అడగండి.