ఓనర్ ఖాళీ చేయమంటే ఏం చేయాలి? హైదరాబాద్‌లో చిన్న కిరాయి గదుల్లో ఉండేవారికి

"నెలాఖరుకల్లా ఖాళీ చేయండి" అని ఓనర్ అనగానే చాలామంది ఆ రాత్రే సామాన్లు సర్దడం మొదలుపెడతారు. అంత తొందర వద్దు. అడిగే హక్కు ఆయనకు ఉండొచ్చు. కానీ కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా బయటికి పంపే అధికారం ఆయనకు లేదు, పిలిపించిన పోలీసులకూ లేదు.

1. కాగితాలు ముందే పోగేయండి

చాలా కేసులు బలహీనపడేది ఇక్కడే. కిరాయి చేతికిచ్చి ఉంటాం, అగ్రిమెంట్ ఉండదు, కరెంటు మీటర్ ఓనర్ పేరు మీదే ఉంటుంది. రేపు ఆయన "వీళ్ళెవరో నాకు తెలియదు" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే వీలైతే కిరాయి ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పంపండి, అక్కడే "మే కిరాయి" అని రాయండి. నగదు ఇస్తే రసీదు అడగండి. ఇవ్వకపోతే "అన్నా, ఈ రోజు మే కిరాయి ఇచ్చాను" అని వాట్సాప్‌లో పెట్టండి. ఆయన "సరే" అన్నా అది సాక్ష్యమే. గ్యాస్ బిల్లు, పిల్లల స్కూల్ అప్లికేషన్, ఆధార్‌లో ఆ అడ్రస్ ఉంటే అవీ పనికొస్తాయి.

11 నెలల అగ్రిమెంట్ అయిపోయింది కదా, ఇక హక్కు లేదని భయపడకండి. ఆ తర్వాత కూడా ఓనర్ కిరాయి తీసుకుంటూ ఉంటే మీ అద్దె నెలనెలా కొనసాగుతున్నట్టే.

2. ఏ చట్టం కిందికి వస్తారో చూసుకోండి

తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఇంకా ఉంది. దాని కిందికి వచ్చే ఇంటిని ఖాళీ చేయించాలంటే ఓనర్ రెంట్ కంట్రోలర్ (అద్దె గొడవలు విచారించే అధికారి) ముందు కారణం చూపాలి. చిక్కేమిటంటే, 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో కిరాయి 3,500 రూపాయలు దాటిన ఇళ్ళు దీని నుంచి బయటికి పోయాయి. కట్టి 15 ఏళ్ళు నిండని ఇళ్ళకూ ఇది వర్తించదు. ఇప్పుడు నగరంలో 3,500కి గది ఎక్కడ దొరుకుతుంది? పేదవాళ్ళకు అండగా ఉండాల్సిన చట్టం వాళ్ళలో చాలామందికి అందకుండా పోయింది.

అలాంటివారికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం వర్తిస్తుంది. నెలవారీ కిరాయికి రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ మీరు కదలకపోతే ఓనర్ సివిల్ కోర్టుకే వెళ్ళాలి.

3. కిరాయి ఆపొద్దు

"పొమ్మన్నాడుగా, ఇంకెందుకు కట్టాలి" అనిపిస్తుంది. అదే ఓనర్ చేతికి మంచి కారణం ఇచ్చినట్టవుతుంది. కొందరు ఓనర్లు కావాలనే కిరాయి తీసుకోరు, తర్వాత బాకీ ఉందని చూపిస్తారు. అప్పుడు ఆన్‌లైన్‌లో పంపండి. తిప్పి పంపేస్తే, బ్యాంకు ఖాతా వివరాలు చెప్పమని స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. రెంట్ కంట్రోల్ చట్టం కింద ఉన్నవారికైతే చివరికి రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేసే దారి కూడా ఉంది.

4. కరెంటు, నీళ్ళు ఆపినా, తాళం వేసినా

వీడియో తీయండి. 112కి ఫోన్ చేసి "కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం వేశారు" అని ఆ మాటలే చెప్పండి. పోలీసులు "ఇది సివిల్ గొడవ" అని పక్కకు తప్పుకోవచ్చు, అయినా ఫిర్యాదు రాసిచ్చి దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి. బయటికి తోసేసినా దారులు మూసుకుపోవు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కేసు వేస్తే గదిని తిరిగి ఇప్పించమని అడగొచ్చు.

లాయర్‌కి డబ్బుల్లేవని టెన్షన్ పడకండి. 15100 న్యాయ సేవల హెల్ప్‌లైన్. ఆడవాళ్ళు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. కాబట్టి కుటుంబంలోని ఆడమనిషి పేరు మీద కిరాయి కట్టడం, ఆమె పేరు మీద దరఖాస్తు పెట్టడం తెలివైన పని.

5. కూల్చివేత నోటీసు వస్తే

అధికారులు ఇల్లు కూల్చడానికి వచ్చినప్పుడు కిరాయిదారు ఎవరికీ కనపడడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, అది ఇంట్లో ఉంటున్నవారికీ వర్తించేలా చెప్పింది. రోడ్డు, నది, చెరువులాంటి చోట్ల కట్టినవాటికి మాత్రం ఆ రక్షణ లేదు. సర్వేకి వచ్చినవాళ్ళకు మీ పేరు కూడా రాయమని గట్టిగా అడగండి. గూడు పోతే జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్లు ఉన్నాయి, కుటుంబాన్ని తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. రేషన్ కోసం కంగారు పడక్కర్లేదు, వేరే షాపులోనూ తీసుకోవచ్చు.

6. వెళ్ళక తప్పకపోతే బేరమాడండి

కోర్టు అంటే ఓనర్‌కీ భయమే. పిల్లల పరీక్షలయ్యేదాకా గడువు, పూర్తి అడ్వాన్సు వాపసు అడగండి, ఒప్పుకున్నది రాయించుకోండి. ఖాళీ స్టాంపు పేపర్ మీద సంతకం మాత్రం వద్దు. అడ్వాన్సు చేతికొచ్చాకే తాళం చెవి ఇవ్వండి, ఆ రోజు కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసుకోండి. పాత బిల్లు పేరుతో అడ్వాన్సులో కోత పెట్టడం మామూలే.