యూదు ఇంట్లో మొదటి శుక్రవారం భోజనం: ప్రేమించిన మనిషి అమ్మానాన్నలను కలవడం ఎలా?

అమెరికాలో చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో యూదు అబ్బాయినో అమ్మాయినో ఇష్టపడిన తెలుగువాళ్ల కోసం ఇది. యూదు కుటుంబాలన్నీ ఒక్కలా ఉండవు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020 సర్వే ప్రకారం, అక్కడ 2010 తర్వాత పెళ్లి చేసుకున్న యూదుల్లో 61 శాతం మంది భర్తో భార్యో యూదులు కారు. ఆచారాలు కచ్చితంగా పాటించే ఆర్థొడాక్స్ కుటుంబాల్లో మాత్రం అలాంటి పెళ్లి చాలా అరుదు. అందుకే ముందు మీ మనిషిని మూడు అడగండి: మీవాళ్లు రిఫార్మా (సడలింపులు ఎక్కువ), కన్సర్వేటివా (మధ్యస్థం), ఆర్థొడాక్సా? ఇంట్లో కోషర్ (మాంసాన్నీ పాలనూ కలపకపోవడం వంటి యూదు ఆహార నియమాలు) పాటిస్తారా? సబ్బాత్ రోజు (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఉండే విశ్రాంతి దినం) ఫోన్ ముట్టుకుంటారా? కింద చెప్పినవాటిలో మీకు ఏవి అవసరమో ఆ జవాబులను బట్టే తేలుతుంది.

మొదటి అడుగు మీది కాదు, వాళ్ల బిడ్డది. మీ సంగతి అమ్మానాన్నలకు తనే, మీరు పక్కన లేనప్పుడు చెప్పాలి. మీ ఎదుటే చెబితే వాళ్లు ఆ క్షణంలో ఏదో ఒక మాట జారతారు, లేదా నవ్వుతూ మనసులోనే దాచుకుంటారు. రెండూ తర్వాత ఇబ్బందే. చెప్పాక కనీసం రెండు మూడు వారాలు ఆగి, ఒక మామూలు శుక్రవారం రాత్రి భోజనానికి వెళ్లండి. పస్కా పండుగ రాత్రి విందు సెదెర్‌కి మొదటిసారి వెళ్లొద్దు. ఆ రాత్రి గంటలకొద్దీ సాగుతుంది, చుట్టాలంతా ఉంటారు, మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

భోజనానికి ముందే మీరిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది, పిల్లలు. పెద్దవాళ్ల గుండెలో అసలు బరువు చాలాసార్లు అక్కడే ఉంటుంది. యూదు ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదైతేనే బిడ్డ యూదు. ఆర్థొడాక్స్, కన్సర్వేటివ్ వర్గాలు ఇదే పాటిస్తాయి. అమెరికాలోని రిఫార్మ్ రబ్బీలు (మత గురువులు) మాత్రం 1983లో, తండ్రి యూదైనా సరే, బిడ్డను యూదుగా పెంచితే చాలన్నారు. అంటే మీరు అబ్బాయైతే వాళ్ల ఆందోళన ఒక రకం, అమ్మాయైతే ఇంకో రకం. పెళ్లి ఎవరు జరిపిస్తారన్నది కూడా అంతే: కన్సర్వేటివ్ రబ్బీలకు మతాంతర వివాహం జరిపించే అనుమతి లేదు, రిఫార్మ్‌లో నిర్ణయం ఆ రబ్బీదే.

వాళ్లను సంతోషపెట్టడానికి "మతం మారతాను" అని మాత్రం అనకండి. మారడమంటే సాధారణంగా ఏడాదో అంతకంటే ఎక్కువో చదువు, ముగ్గురు సభ్యుల బేత్ దీన్ (మత న్యాయసభ) ముందు హాజరు, మిక్వే అనే కొలనులో మునక. భోజనాల బల్ల దగ్గర ఇచ్చే మాట కాదది. అడిగితే "ఇంకా మాట్లాడుకుంటున్నాం" అనండి, నిజం కూడా అదే అయితే.

ఇక చేతిలో ఏం పట్టుకెళ్లాలి? మన అలవాటు ప్రకారం పూతరేకులో మైసూర్‌పాకో. కోషర్ పాటించే ఇంట్లో అవి చెల్లవు. ఇంట్లో వండినవి ఎలాగూ తినరు. కొన్నవైనా కోషర్ ముద్ర ఉండాలి, పైగా నెయ్యి పాల పదార్థం కాబట్టి మాంసం భోజనం తర్వాత ముట్టరు. పూలు మేలు, కానీ చీకటి పడకముందే ఇవ్వండి. సబ్బాత్ మొదలయ్యాక ఆర్థొడాక్స్ ఇళ్లలో వాటిని కొత్తగా నీళ్లలో పెట్టరు. సబ్బాత్ కొవ్వొత్తులు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. న్యూయార్క్‌లో అది డిసెంబరులో సాయంత్రం 4:10 ప్రాంతంలో, జూన్ చివర్లో 8:10 దాటాక. దానికి అరగంట ముందే ఇంట్లో ఉండండి.

మీ తిండి సంగతి వారం ముందే చెప్పించండి. బ్రిస్కెట్ అంటే గొడ్డు మాంసం. సూపులో తేలే మాత్సా (పులియని రొట్టె) పొడి ఉండలను కోడి కొవ్వుతో చేసే ఇళ్లు చాలా ఉన్నాయి, కాబట్టి "సూపే కదా" అనుకుని శాకాహారులు తినేయొద్దు. బల్ల మీద మాంసం ఉంటే చివర్లో పెరుగు గానీ పాలు పోసిన కాఫీ గానీ అడగకండి.

బల్ల దగ్గర కొత్తవాళ్లు తడబడేది ఒకచోట. ద్రాక్షరసం మీద ప్రార్థన అయ్యాక, రెండు పిడుల చెంబుతో చేతులు కడుక్కుని వచ్చి అందరూ ఒక్కసారిగా మాటలు మానేస్తారు. మీ మీద అలిగారనుకోకండి. గుడ్డ కప్పిన రెండు ఖల్లా రొట్టెల మీద ప్రార్థన చదివి, ఉప్పు అద్దిన ముక్క నోట్లో పెట్టుకునేదాకా మాట్లాడరు. మీరూ ఊరుకోండి. ఆర్థొడాక్స్ ఇంట్లో వైన్ సీసా మీ చేత్తో వంచొద్దు. యూదులు కానివారు పోస్తే, ముందే మరిగించిన రకం కాకపోతే, అది వాళ్లకు పనికిరాదు. ఆర్థొడాక్స్ ఇంట్లోనే బాత్రూమ్ లైటు కూడా ఆర్పకండి, ఫొటో తీయకండి, ఎదుటివాళ్లు చెయ్యి చాపితేనే కరచాలనం చేయండి. మగవాళ్లకు కిప్పా (చిన్న టోపీ) ఇస్తే పెట్టుకోండి, అది మతం మారడం కాదు.

ఒక జాగ్రత్త చాలా ముఖ్యం: స్వస్తిక. లాకెట్టు, కానుక కవరు, మిఠాయి పెట్టె, ఫోన్‌లోని గృహప్రవేశం ఫొటో, అన్నీ బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. మనకు అది శుభం. తాతముత్తాతలను నాజీలు చంపిన ఇంట్లో అది కనబడగానే ఊపిరి ఆగుతుంది. మన అర్థం వివరించడానికి ఇంకో రోజు దొరుకుతుంది, ఆ రాత్రి వద్దు.

"మీరు విగ్రహాలను పూజిస్తారా?" అని అడగవచ్చు. వాళ్ల పది ఆజ్ఞల్లో నిషేధించిన విషయం కాబట్టి ఆ ప్రశ్న సహజం. దాచొద్దు, వాదించొద్దు. ఇంట్లో దీపం ఎలా పెడతారో, విగ్రహం మీకేమిటో రెండు మాటల్లో చెప్పండి. మాట కలపడానికి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రయిమ్ యూదులున్నారని చెప్పండి, చాలామందికి తెలియదు. ఇజ్రాయెల్ రాజకీయాలు మాత్రం మీరుగా ఎత్తకండి.

పెద్దవాళ్లను ఏమని పిలవాలో ముందే కనుక్కోండి. మన "అంకుల్, ఆంటీ" అక్కడ వింతగా ఉండొచ్చు, పేరుతో పిలవమంటే పేరుతోనే పిలవండి. థాంక్స్ మెసేజ్ శనివారం పొద్దున పంపొద్దు. చీకటి పడి, ఆకాశంలో మూడు చుక్కలు కనబడే వేళ దాటాక పంపండి.